తెలుగు పెళ్లికి కెమెరా సెట్టింగులు: ముందురోజు రాత్రి నుంచి అప్పగింతల దాకా

రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ముహూర్తం అనుకోండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నారు. మధ్యలో అడ్డుతెర. పంతులుగారు వాచీ వైపు చూస్తున్నారు. "గట్టిమేళం" అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటాయి. జీలకర్ర బెల్లం తల మీదికి వెళ్తుంది, తెర దిగుతుంది, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. ఇదంతా నాలుగైదు సెకన్ల పని. ఆ సమయంలో మన వేలు డయల్ తిప్పుతూ, కన్ను స్క్రీన్ మీద అంకెలు వెతుకుతూ ఉంటే ఆ ఫొటో పోయినట్టే. పంతులుగారిని మళ్లీ చేయించమని అడగలేం.

అందుకే పెళ్లిలో సెట్టింగులు అప్పటికప్పుడు ఆలోచించేవి కావు. ముందే పెట్టుకోవాలి, తంతు మొదలయ్యాక మనుషుల మొహాలు చూస్తూ ఉండాలి. ఏ ఘట్టానికి ఏ అంకె అని బట్టీ పట్టక్కర్లేదు. ఏం కదులుతోంది, ఎన్ని మొహాలు ఫోకస్‌లో ఉండాలి, వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు, అంకెలు వాటంతటవే వస్తాయి. ఇక్కడ చెప్పే అంకెలు ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సరున్న) కెమెరాకు, ఎఫ్ 2.8 జూమ్ లెన్సుకు సరిపోయేవి. ఎఫ్ పక్కన అంకె అపర్చర్‌ది, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రానిది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. మీది క్రాప్ సెన్సర్ (అంతకన్నా చిన్నది) అయితే ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేనిది, ఒకటి సంచిలో ఉంచుకోండి. ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఒక మెట్టు కిందే ఆపుకోవచ్చు. మెట్టు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం.

1. ముందురోజు రాత్రి ఇంట్లో

మొదట గడియారం. రెండు కెమెరాలు వాడుతున్నా, మీతో పాటు ఇంకో ఫొటోగ్రాఫర్ వస్తున్నా, అన్ని కెమెరాల టైమ్ సెకన్లతో సహా ఒకేలా పెట్టండి. ఒక కెమెరాలో పొద్దున, రాత్రి తారుమారైతే ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు కన్యాదానం కంటే ముందు తలంబ్రాలు వచ్చి కూర్చుంటాయి. మూడు వేల ఫొటోలను చేత్తో వరుస పెట్టడం ఎంత నరకమో ఒకసారి పడితే చాలు.

ఫైల్ ఫార్మాట్ రా (RAW), అంటే సెన్సర్ చూసింది చూసినట్టు దాచేది. ఇందులో రాజీ వద్దు. మండపంలో వెలుతురు రంగులు ఎలా ఉంటాయో మన చేతుల్లో లేదు. జేపెగ్‌లో తీస్తే ఆ రంగు అక్కడే గట్టిపడిపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో కంప్రెస్డ్ రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది కాబట్టి 64 జీబీ కార్డుకు దాదాపు రెండు వేల ఫొటోలు పడతాయి. కెమెరాకు రెండు స్లాట్లుంటే ఒకే ఫొటో రెండింటిలోనూ రాసేలా పెట్టండి. మొదటి కార్డు నిండాక రెండో దానికి వెళ్లేలా పెట్టుకోవద్దు. కార్డు చెడిపోవడం అరుదే, కానీ చెడితే పోయేది ఒకరి పెళ్లి.

ఫోకస్‌ను ఏఎఫ్-సీ మీద, అంటే కదిలే మనిషిని వదలకుండా వెంటాడే మోడ్ మీద, పెట్టండి. కూర్చున్న మనుషులే కదా అని సింగిల్ ఫోకస్ పెడితే, మంత్రం చెబుతూ ముందుకు వంగిన పెళ్లికొడుకు మొహం జారిపోతుంది. షటర్ బటన్ నుంచి ఫోకస్‌ను తీసేసి వెనక ఉన్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు ఇవ్వండి. మొదటి రోజు చెయ్యి తిరగదు. వారం సాధన చేస్తే మళ్లీ పాత పద్ధతికి పోబుద్ధి కాదు.

హైలైట్ హెచ్చరిక, అంటే వెలుతురు మితిమీరి ఓవర్ అయిన చోట మిణుకుమిణుకుమనే నలుపు, ఆన్ చేయండి. ఫోకస్ బీప్ ఆపేయండి. పెళ్లిలో అంత మేళం ఉన్నా కన్యాదానం దగ్గర ఒక నిశ్శబ్దం వస్తుంది, అందులో బీప్ శబ్దం అందరి తలలనూ మన వైపు తిప్పుతుంది. చివరగా ఒక కస్టమ్ మోడ్‌లో ముహూర్తం సెట్టింగు దాచి పెట్టుకోండి. ఆ అంకెలేమిటో కింద చెబుతాను.

2. మూడు అంకెలు, వాటి వరుస

నేను ఈ పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో అపర్చర్ ప్రయారిటీలో, అంటే అపర్చర్ మనం పెడితే షటర్ స్పీడును కెమెరా ఎంచుకునే మోడ్‌లో, పెట్టి తీసేవాణ్ణి. ఒక పల్లెటూళ్లో పెళ్లి, ఇంటి ముందు తాటాకు పందిరి. వీడియో లైటు వెలుగులో టెస్టు ఫొటోకు షటర్ సెకనులో 1/160 వంతు వచ్చింది, బాగుందనుకున్నాను. సరిగ్గా మొదటి ముడి పడుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు పందిట్లో మిగిలింది దీపపు సెమ్మెల వెలుగు, ఎవరిదో సెల్‌ఫోన్ టార్చి. నేను చూసుకోలేదు, షటర్ 1/13కి జారిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలన్నీ వెలుతురుగానే ఉన్నాయి. పసుపుతాడు మాత్రం ఒక పచ్చటి చారలా ఉంది, పెళ్లికొడుకు వేళ్లు పొగలా కలిసిపోయాయి. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ అమ్మాయి తల్లి ఆ పేజీ దగ్గర ఆగి, "ముళ్లు వేసే ఫొటో ఇంకోటి లేదా బాబూ" అని అడిగారు. లేదండీ అని చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు షటర్ స్పీడే మొదటి అంకె. చీకటిగా వచ్చిన రా ఫైలును రెండు మెట్లు పైకి ఎత్తుకోవచ్చు. కాస్త గ్రెయిన్స్ (గరుకు చుక్కలు) వస్తాయి, ఫొటో దక్కుతుంది. కదిలిపోయిన వేలిని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా నిలబెట్టలేదు.

కూర్చుని పూజ చేస్తున్నవాళ్లకు 1/125 చాలు. చేతులు కదిలే ఘట్టాలకు, అంటే జీలకర్ర బెల్లం, ముళ్లు, మెట్టెలు తొడగడం లాంటి వాటికి 1/200 నుంచి 1/250. తలంబ్రాలకు 1/500. ఊరేగింపులో డాన్సులకు 1/320కి తగ్గకూడదు. 70-200 లెన్సును 200 దగ్గర వాడుతుంటే మనుషులు కదలకపోయినా మన చెయ్యి కదులుతుంది కాబట్టి 1/200 కనీసం.

రెండో అంకె అపర్చర్. దీన్ని వెలుతురు కోసం కాదు, మొహాల లెక్క కోసం వాడండి. 85 ఎంఎం లెన్సుతో రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. పెళ్లికూతురి కన్ను స్పష్టంగా ఉంటే చెవి జుంకీ మసకబారుతుంది. ఒక్క మొహానికి అది అందమే. పక్కన పెళ్లికొడుకు ఒక అర అడుగు వెనక్కి కూర్చుంటే అతను మసకలోకి పోతాడు. అదే ఎఫ్ 4కు వెళ్తే లోతు సుమారు 13 సెంటీమీటర్లు అవుతుంది. 50 ఎంఎంతో మూడు మీటర్ల నుంచి ఎఫ్ 2.8లో సుమారు 60 సెంటీమీటర్లు దొరుకుతుంది, జంటకు అది హాయిగా సరిపోతుంది. తల్లిదండ్రులు కలిస్తే ఎఫ్ 4, రెండు వరుసల గ్రూపుకు ఎఫ్ 5.6.

ఈ రెండూ తేలాక మిగిలిన భారమంతా ఐఎస్ఓ మోస్తుంది. 3200కి భయపడకండి. 6400 కూడా ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద ఇబ్బంది పెట్టదు. స్క్రీన్ మీద వంద శాతం జూమ్ చేసి గ్రెయిన్స్ లెక్కపెట్టేది మనమే, ఆ ఇంట్లోవాళ్లు మొహాలు చూస్తారు.

కాబట్టి మోడ్ ఎప్పుడూ మాన్యువల్. వెలుతురు అడుగడుక్కీ మారే చోట మాన్యువల్‌లోనే ఉంటూ ఐఎస్ఓ ఆటో, పై హద్దు 6400. ఫ్లాష్ ఆన్ చేస్తే మాత్రం ఐఎస్ఓ కూడా చేత్తోనే పెట్టండి, ఎందుకంటే ఫ్లాష్‌తో ఆటో ఐఎస్ఓ ఒక్కో కంపెనీ కెమెరాలో ఒక్కోలా నడుచుకుంటుంది.

3. మండపంలో అరగంట ముందు

చెప్పులు కిందే వదిలి మండపం ఎక్కండి. మీ అసిస్టెంటును పెళ్లిపీటల పక్కన నిలబెట్టండి. పీటల మీద కూర్చోబెట్టకండి, పెద్దవాళ్లకు నచ్చదు. అతని భుజం మీద ఒక తెల్ల తువ్వాలు వేయండి.

ఈ తువ్వాలు ఎందుకంటే మధుపర్కాల కోసం. ఎర్ర అంచు తెల్ల బట్టల్లో ఉన్న జంటే మన పెళ్లికి గుర్తు, ఎక్స్‌పోజర్‌ను ఎక్కువగా తప్పుదోవ పట్టించేదీ అదే. దగ్గరగా తీసినప్పుడు ఫ్రేమంతా తెలుపు నిండి, కెమెరా మీటర్ వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మొహాలు నల్లబడతాయి. వెనక్కి జరిగి రాత్రి చీకటితో కలిపి తీస్తే అదే మీటర్ వెలుతురు చాలదనుకుని పెంచుతుంది, మధుపర్కాలు తెల్ల కాగితంలా అయిపోతాయి, నేత కనపడదు, మడత కనపడదు. రెండు ఫొటోలకూ మధ్య వీడియో లైటు మారలేదు, మనం మూడడుగులు జరిగామంతే. అందుకే మీటర్ చెప్పింది వదిలేసి, తువ్వాలు మీద హైలైట్ మిణుకు ఆగేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి, అక్కడ అంకెలు బిగించండి. వీడియో లైటు కదలనంతసేపూ ఆ అంకెలు మండపం మొత్తానికీ సరిపోతాయి. మామూలుగా ఒక వీడియో లైటున్న మండపంలో ఇది 1/200, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600కూ 3200కూ మధ్య ఎక్కడో తేలుతుంది.

హిస్టోగ్రామ్‌లో, అంటే ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫ్‌లో, మూడు రంగులూ విడివిడిగా చూపించే అమరిక ఉంటే అది పెట్టుకోండి. ఎర్ర పట్టుచీర, బంగారం ఉన్న చోట మొత్తం గ్రాఫ్ బాగానే ఉన్నట్టు కనపడుతుంది, ఎరుపు ఒక్కటే కుడి గోడను గుద్దుకుని ఉంటుంది. అలా తీసిన చీరలో జరీ బుటాలు ఎరుపులో కలిసిపోతాయి.

తరువాత లైట్ల మిణుకు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు, ట్యూబులు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంటాయి. కంటికి తెలియదు, 1/500 షటర్‌కు తెలుస్తుంది. 1/500లో వరసగా పది ఫొటోలు తీసి చూడండి. కొన్ని చీకటిగా, కొన్ని పచ్చగా, కొన్నింటిలో అడ్డంగా చారలు వస్తే ఆ హాల్లో మిణుకు ఉన్నట్టే. అప్పుడు కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. అది లేకపోతే 1/100 దగ్గర ఉండండి, ఒక పూర్తి హెచ్చుతగ్గు ఆ సమయంలో ఇమిడిపోతుంది. చేతులు కదిలే ఘట్టాల దగ్గర ఫ్లాష్ సాయం తీసుకోండి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షటర్ ఇలాంటి హాల్లో వాడొద్దు. చాలా కెమెరాల్లో సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది కాబట్టి చారలు మరీ ఎక్కువవుతాయి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో మనవాళ్ల పెళ్లి తీస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60, 1/125 అనుకూలం.

ఇక రంగు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఒక ఫొటోలో పసుపు చీర, మరో ఫొటోలో పచ్చటి మామిడి తోరణం చూసి కెమెరా ప్రతిసారీ మనసు మార్చుకుంటుంది. కెల్విన్‌లో, అంటే వెలుతురు రంగును కొలిచే అంకెలో, పెట్టండి. వీడియో ఎల్ఈడీ లైటు ప్రధానమైతే 5500. పాత పసుపు హాలోజన్ లైటు అయితే 3200. వెనకున్న సీరియల్ బల్బులు పచ్చగా కనపడితే కనపడనివ్వండి, పెళ్లి పందిరికి అది కళే. ఒక్కటి మాత్రం రా ఫైలు కూడా కాపాడలేదు. డెకరేషన్ వాళ్లు పెట్టే గులాబీ, ఊదా రంగు పార్ లైట్లు నేరుగా మొహం మీద పడితే చర్మం రంగు ఇక తిరిగి రాదు. ముహూర్తం గంటకు ముందే ఆ లైటింగ్ అబ్బాయిని పట్టుకుని, "తమ్ముడూ, ముహూర్తం అయ్యేదాకా మొహం మీద పడేవి తెలుపులో పెట్టు" అని అడగండి. మర్యాదగా అడిగితే కాదనరు.

వీడియో ఆయనతో కూడా రెండు మాటలు మాట్లాడండి. లైటు ఎక్కడ నిలబెడతారు, మధ్యలో జరుపుతారా అని. ఇక పంతులుగారిని ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: "ముళ్లు ముందు నుంచి వేయిస్తారా, వెనక నుంచా?" ఇళ్లను బట్టి ఆచారం మారుతుంది. ఆ జవాబును బట్టే మీరు ఏ పక్క నిలబడాలో తేలుతుంది.

4. పొద్దుటి పనులు: మంగళస్నానం, కాశీయాత్ర, గంప

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పెరట్లోనో డాబా మీదో పగటి వెలుతురు ఉంటుంది, హాయిగా తీయొచ్చు. చెట్టు కింద పీట వేస్తే ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మొహం మీద పడతాయి, నాలుగడుగులు జరిపించండి. ఐఎస్ఓ 200, ఎఫ్ 2.8, షటర్ 1/500తో మొదలుపెట్టి తువ్వాలు లెక్కతో సరిచూసుకోండి. తల మీద నీళ్లు పోసే క్షణానికి 1/1000 దాటి వెళ్లండి, ఎండ వెనక నుంచి వచ్చేలా నిలబడండి, ఒక్కో చుక్కా విడిగా మెరుస్తుంది. వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర బిగించి ఉంచండి. ఒళ్లంతా పసుపే ఉన్న ఫ్రేములో ఆటో ఆ పసుపును తప్పనుకుని నీలం కలిపేస్తుంది. పసుపు పసుపులా ఉండాలి.

కాశీయాత్ర ఉన్న ఇళ్లలో గొడుగు నీడ చూసుకోండి. బయట ఎండ, గొడుగు కింద పెళ్లికొడుకు మొహం నీడలో. మొహానికి ఎక్స్‌పోజర్ చూసుకుని వెనక వీధి కాస్త ఓవర్ అయినా వదిలేయండి. బావమరిది బతిమాలుతున్నప్పుడు ఇద్దరి నవ్వులే మనకు కావాల్సింది.

మేనమామలు గంపలో పెళ్లికూతుర్ని తెచ్చేటప్పుడు మనం వెనక్కి నడుస్తూ తీస్తాం. వాకిలి దగ్గర ఒక వెలుతురు, లోపల ఒకటి, మండపం దగ్గర ఇంకొకటి. ఆటో ఐఎస్ఓ పనికొచ్చేది ఇక్కడే. 1/250, ఎఫ్ 3.5, 24-70 లెన్సును 35 దగ్గర. మొహం మీద మాత్రమే కాక గంప పట్టుకున్న మేనమామల చేతుల మీద కూడా రెండు ఫొటోలు తీయండి, ఆ బరువు వాళ్ల నరాల్లో కనపడుతుంది.

5. జీలకర్ర బెల్లం

మనవాళ్లలో చాలామంది ముహూర్తం అంటే తాళి కట్టడం అనుకుంటారు. కొత్త ఫొటోగ్రాఫర్లు కూడా అదే అనుకుని దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. సుముహూర్తం వేళకు జరిగేది జీలకర్ర బెల్లమే. పత్రికలో వేసిన ఆ టైము దీనిదే. అందుకే దీనికి తాళికి ఇచ్చినంత సిద్ధపాటు ఇవ్వాలి.

కస్టమ్ మోడ్‌లో దాచుకోమన్నది ఈ సెట్టింగే: మాన్యువల్, 1/250, ఎఫ్ 4, ఐఎస్ఓ 3200 లేదా ఇదే షటర్, అపర్చర్‌తో టెస్టులో తేలింది, ఏఎఫ్-సీ, సెకనుకు ఐదారు ఫొటోల బరస్ట్. ఎఫ్ 2.8 ఎందుకు కాదంటే, ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, మనం పక్క నుంచి చూస్తున్నాం. సరిగ్గా తెర అంచుకు ఎదురుగా నిలబడితే ఇద్దరి మొహాలూ మన నుంచి ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్ 2.8 అయినా సరిపోయేది. కానీ ఆ చోటు మనకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. వీడియో ఆయన, మేనత్త, ఫోన్ పట్టుకున్న తమ్ముడు, అందరికీ అదే చోటు కావాలి. ఒక అడుగు పక్కకు నెట్టేసినా ఇద్దరూ ఫోకస్‌లో ఉండాలంటే ఎఫ్ 4 కావాలి.

కన్ను గుర్తించే ఫోకస్ మంచిదే, కానీ ఈ గుంపులో అది పంతులుగారి కన్ను మీదికో, వెనక బామ్మగారి మీదికో గెంతుతుంది. తెర దించడానికి నిమిషం ముందు దాన్ని చిన్న ఏరియాకు కుదించి పెళ్లికూతురి మొహం మీద ఉంచండి. జీలకర్ర బెల్లం ముద్ద తల మీద ఆనగానే బరస్ట్ మొదలుపెట్టి, తెర దిగి వాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకునేదాకా ఆపకండి. చేతులు తల మీద పడిన ఫొటో అందరూ తీస్తారు. తెర దిగాక వచ్చే ఆ మొదటి చూపు అర సెకను ఉంటుంది, తరువాత సిగ్గుతో కళ్లు దించేస్తారు. నాకు పెళ్లి మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో అదే.

ఫ్లాష్ నేరుగా కొట్టకండి. కెమెరాకు దగ్గరగా ఎగిరే అక్షింతల మీద ఆ వెలుగు పడి, మొహాల ముందు పెద్ద పెద్ద తెల్ల బొట్లు వస్తాయి. ఫ్లాష్ కావాలంటే స్టాండు మీద, పక్కన, తల కంటే ఎత్తులో ఉంచి ట్రిగ్గర్‌తో వెలిగించండి, 1/16 పవర్‌లో.

6. మూడు ముళ్లు

గట్టిమేళం మళ్లీ మొదలవుతుంది, జనం లేచి నిలబడతారు, పదిహేను ఫోన్లు గాల్లోకి లేస్తాయి. మీకు ముందే తెలిసిన దిక్కున, మండపం అంచున ఒక మోకాలి మీద కూర్చోండి. అక్కడి నుంచి కిందనుంచి పైకి చూస్తే ఫోన్లు ఫ్రేములోకి రావు, పెళ్లికూతురి వంచిన మొహం కూడా కనపడుతుంది. నిలబడి తీస్తే ఆ వంచిన తల మీద పాపిట, పూలజడ తప్ప ఏమీ దొరకదు.

సెట్టింగు జీలకర్ర బెల్లం నాటిదే. మార్చాల్సింది ఫోకస్ ఒక్కటే. మొదటి ముడికి వేళ్ల మీద, రెండో ముడికి పెళ్లికూతురి కళ్ల మీద, మూడో ముడికి వెడల్పు లెన్సున్న రెండో కెమెరాతో మండపమంతా. ఇలా ముందే పంచుకుంటే తొందర పడనక్కర్లేదు. వేళ్లకు ఫోకస్ పెట్టేటప్పుడు సింగిల్ పాయింట్ వాడండి, లేకపోతే కెమెరా మొహం వైపే పోతుంది. ఒకసారి గమనించండి, చాలామంది పెళ్లికొడుకుల వేళ్లు ముడి వేసేటప్పుడు వణుకుతాయి. పసుపు అంటిన దారం జారుతుంది, జడ ఎత్తి పట్టుకున్న ఆడపడుచు చెవిలో ఏదో చెబుతుంది. ఆ వణుకును నిలబెట్టడానికే 1/250.

కరెంటు పోతే? సెట్టింగు ముట్టుకోకండి. వీడియో లైట్లు కొన్నింటికి బ్యాటరీ ఉంటుంది, అది ఉన్న లైటును అడిగి తెచ్చుకోవడం మేలు. అదీ లేకపోతే మీ స్టాండు ఫ్లాష్ ఉండనే ఉంది, దాని పవర్ 1/4కు పెంచమని అసిస్టెంటుకు ముందే చెప్పి ఉంచండి.

7. తలంబ్రాలు, హోమం, అరుంధతి

తలంబ్రాలకు రెండు దారులున్నాయి, రెండూ తీయండి. గింజ గింజా గాల్లో ఆగినట్టు కావాలంటే 1/500, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 6400. లేదా 1/125 దగ్గరే ఉండి పక్క ఫ్లాష్‌ను తక్కువ పవర్‌లో వెలిగించండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతు కన్నా చిన్నది కాబట్టి గింజలను అదే ఆపేస్తుంది. ఫ్లాష్‌తో 1/200 లేదా 1/250 దాటకండి, మీ కెమెరా సింక్ హద్దు (ఫ్లాష్‌తో వాడగల అతి వేగమైన షటర్) ఏదో చూసుకోండి, దాటితే ఫ్రేములో ఒక పక్క నల్ల పట్టీ వస్తుంది. ఇక జంట పోటీ పడి దోసిళ్లతో గుమ్మరించేటప్పుడు 1/80కి దిగి రెండు మూడు తీయండి. మొహాలు నవ్వుతూ కొంచెం నిలకడగా ఉంటే పసుపు గింజలు వానలా చారలు కడతాయి. పదింట్లో ఎనిమిది పాడవుతాయి, మిగిలినవి ఆల్బమ్ మొదటి పేజీకి వెళ్తాయి.

హోమం దగ్గర ఫ్లాష్ తీసేయండి. ముందు నుంచి కొడితే పొగంతా తెల్ల గోడలా వెలుగుతుంది. మంట రంగు దక్కాలంటే మండపం లెక్క కంటే ఒక మెట్టు తగ్గించండి, మొహాల మీద మంట వెలుగు పడి పచ్చటి ఎరుపు వస్తుంది, దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచండి. ఒక్క జాగ్రత్త: మంట మీదుగా అవతలి వైపున్న మొహాలను పెద్ద లెన్సుతో తీయకండి. వేడి గాలి అలల్లా లేస్తుంటుంది, ఫోకస్ సరిగ్గా ఉన్నా మొహాలు నీళ్లలో ఉన్నట్టు వస్తాయి. పక్కకు జరగాలి.

ఏసీ హాల్లోంచి అరుంధతి కోసం బయటికి వెళ్లేటప్పుడు, కోస్తాలో వేసవి రాత్రి అయితే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. పది నిమిషాల ముందే ఒక కెమెరాను వాకిట్లో ఎవరికైనా ఇచ్చి ఉంచండి. 1/100, ఎఫ్ 2, ఐఎస్ఓ 6400, చేతిలో చిన్న ఎల్ఈడీ ఒకటి. పైకి చూపించే వేలు, ఆ వేలి వెంట చూసే రెండు మొహాలు చాలు.

8. రిసెప్షన్, గ్రూపులు

ఇక్కడ కళ కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఒకే సెట్టింగుతో మూడు గంటలు నడిపేయొచ్చు: 1/125, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800, రెండు గొడుగు లైట్లు మనకు రెండు పక్కలా. తాతగార్ల కళ్లద్దాల్లో లైటు మెరిస్తే లైటును ఇంకా ఎత్తుకు లేపండి, కెమెరా సెట్టింగుతో ఆ మెరుపు పోదు. లెన్సు 50 దగ్గర పెట్టి వెనక్కి జరగండి. 24లో తీస్తే చివర్లో నిలబడ్డ అత్తయ్యలు ఉన్నదానికన్నా వెడల్పుగా వస్తారు, అది వాళ్లకు బాధ కలిగిస్తుంది.

వెనక ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే 1/125లో రెండు ఫొటోలు తీసి చారలు చూడండి. వస్తే 1/100, 1/60 అని దిగుతూ చారలు పోయిన చోట ఆగండి. మనుషులను ఎలాగూ ఫ్లాష్ నిలబెడుతుంది. డీజే లేజర్ వైపు లెన్సు పెట్టొద్దు. ఆ కిరణం నేరుగా సెన్సర్ మీద పడితే శాశ్వతంగా గీత పడిపోవచ్చు.

9. అప్పగింతలు

ఫ్లాష్ ఆపేయండి. వీడియో లైటును కూడా వీలైతే దూరం జరపమనండి. 85 ఎంఎం, ఎఫ్ 2, 1/160, ఆటో ఐఎస్ఓ. ఈ పాటికి అందరూ అలసిపోయి ఉంటారు, మీరు కూడా. అయినా దగ్గరికి వెళ్లకండి, నాలుగు మీటర్లు వదలండి. తండ్రి ఏడుపు ఆపుకునే మొహం మీదికి లెన్సు తోస్తే ఆయన మొహం తిప్పేసుకుంటారు. పాలపళ్లెంలో చేతులు ముంచి అత్తగారి చేతుల్లో పెట్టేటప్పుడు చేతులకు ఒక ఫొటో, తల్లి మొహానికి ఒకటి. బరస్ట్ వద్దు, ఆ టకటక శబ్దం అక్కడ బాగుండదు. ఒక్కొక్కటిగా తీయండి.

కారు కదిలాక కెమెరా సంచిలో పెట్టే ముందు రెండు కార్డులూ తీసి వేర్వేరు చోట్ల పెట్టుకోండి, ఒకటి చొక్కా జేబులో, ఒకటి సంచిలో. ఇంటికి వెళ్లగానే, నిద్ర ముంచుకొస్తున్నా సరే, రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఆల్బమ్ ఆ ఇంటికి చేరేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి.